వీథిగాయకుడు యాచకుడా?

చైత్రము గడచి వైశాఖము వచ్చుసరికి నూజివీటి సీమకు నిద్ర యుండదు. తోటలలో చిక్కపు కఱ్ఱలు కొమ్మలకు లేచును. గంపలు నిండును. వరిగడ్డి పఱచిన లారీలు బాటల వెంబడి బారులు తీరును. చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి, కలెక్టరు అని యొక్కొక్క జాతికి ఒక్కొక్క రాశి, ఒక్కొక్క ధర, ఒక్కొక్క కేక. గుత్తదారులు, దలారులు, హమాలీలు, లారీవాండ్రు, కూలికి వచ్చిన స్త్రీలు, వీరందఱితో బజారులు క్రిక్కిఱిసి యుండును. ఊరివారికంటె పొరుగూరివారే యెక్కువగ కన్పట్టు కాల మిది.

గడచిన కాపుకాలమున మామిడిసీమలోని యొక బజారులో మేము కన్నులార చూచిన సంగతి యొకటి చదువరులకు చెప్పవలసి యున్నది. ఒక వృద్ధుడు సన్నాయి పట్టి, కొడుకు డోలు భుజమున వేసికొని, బొంతలు కప్పిన గంగిరెద్దును నడిపించుకొనుచు వచ్చిరి. సన్నాయి యెత్తుకొనగానే హమాలీలు గంపలు దింపి నిలిచిరి. బేరములాడువారు బేరము లాపిరి. ఒక పిల్లవాడు తల్లి కొంగు విడిచి ముందునకు వచ్చెను. పావుగంటసేపు ఆ యెండలో, ఆ దుమ్ములో, నలువదియేబదిమంది అలసట మఱచి నిలిచిరి. ఎద్దు తలయూపినది, నవ్వులు వెల్లివిరిసినవి, చిల్లర జోలెలో పడినది. అంతలో నొక రక్షకభటుడు వచ్చి, అడుగుకొనుటకు వేఱు చోటు లేదా యని గద్దించి వారిని తఱిమివేసెను. ఆ వృద్ధుడు సన్నాయిని తుండుగుడ్డలో చుట్టుకొనుచు ఒక్క మాట యనెను: "అడుక్కోలేదు బాబూ, వాయించాను." మఱుక్షణముననే ఒక వ్యాపారప్రకటన బండి రెండు పెద్ద ధ్వనివర్ధకములతో చెవులు చిల్లులు పడునట్లు కూయుచు వచ్చెను. ఆ భటుడే దానికి దారి తొలగించి పంపెను.

ఆ వృద్ధుని మాటలో నున్న భేదమే నేడు మేము విచారింపదలచినది. అడుగుట వేఱు, వాయించుట వేఱు. ఈ రెంటి నడుమ గీత గీయలేని సమాజము తన కళాకారులను తానే బిచ్చగాండ్రను జేసికొనును.

భిక్ష యనగా ఏమియు మారుగా నీయక పుచ్చుకొనునది. వేతన మనగా పని చేసి పుచ్చుకొనునది. సన్నాయి యూదినవాడు పని చేసెను. వినినవారు సంతోషమును పొందిరి. పొందినదానికి తమకు తోచినంత యిచ్చిరి. ఇందు భిక్ష యెక్కడ? మన బజారులో రసాలమ్మువాడు కత్తితో ముక్క కోసి చేతబెట్టి, రుచి చూచి కొనుడనును. అతనిని బిచ్చగాడని యెవ్వరును అనరు. నమ్మకస్థుడగు వర్తకు డందురు. వీథిగాయకు డంతకంటె ఉదారుడు. అతడు ముక్క కాదు, పండంతయు ముందే చేతబెట్టును. తిని తృప్తి చెందినవాడే వెల నిర్ణయించి యిచ్చును. ఈయకపోయినను అడుగువాడు లేడు. పూత చూచి తోటను గుత్తకు మాటలాడుకొను మన సీమలో, కాపు రాకమునుపే సొమ్ము పుచ్చుకొనువాడు గౌరవస్థుడట! ఫలము ముందిచ్చి సొమ్ము వెనుక పుచ్చుకొనువాడు యాచకుడట! ఇది యే ధర్మము?

వీరి వృత్తిలోని మర్యాద తెలిసినవారికి ఈ ప్రశ్న రానేరాదు. ధనుర్మాసమున వేకువను వచ్చు హరిదాసును తలచుకొనుడు. తలపై అక్షయపాత్ర, కాళ్ల గజ్జెలు, ఒక చేత చిడుతలు, భుజమున తంబుర. ఇంటింటి ముంగిట ముగ్గుచుట్టు తిరిగి కీర్తన పాడును గాని నోరు తెఱచి బియ్యము పెట్టుమని యడుగడు. గృహిణి వచ్చినప్పుడు మోకాలూని తల వంచును. ఆమె పాత్రలో బియ్యము పోయును. అతడు లేచి పోవును. సంచారము ముగించి యిల్లు చేరువఱకు ఆ పాత్రను నేల దింపడు. ఇట్టి నియమము పాటించువానిని ఏ కచ్చేరిలో చూడగలము? గంగిరెద్దులవాడు నెలల తరబడి యెద్దునకు శిక్షణ యిచ్చి, సన్నాయి స్వరమునకు అది యడుగు వేయునట్లు చేయును. జంగమదేవర గంటయు శంఖమును పట్టి ఊరికి ప్రాతఃకాలము తెలుపును. బుర్రకథకుడు తంబురతోను, పక్కవాద్యపు గుమ్మెటలతోను, హాస్యముతోను, రాజకీయముతోను ఒక రాత్రి ఒక యూరికి విద్యాలయమే యగును. వీరికి గోడలు లేవు, చీట్లు లేవు, వేదికలు లేవు. దారిని బోవువానిని నిలువబెట్టుటయే వీరి పరీక్ష. చీటి కొని కుర్చీలో కూర్చున్నవాడు కచ్చేరి రుచింపకున్నను మొగమాటమునకైన కూర్చుండును. వీథిలో మొగమాటము లేదు. రుచింపనిచో అడుగు ముందునకే పడును. ఇంత నిర్దాక్షిణ్యమైన శ్రోతలను మెప్పించుటకంటె కఠినమైన విద్య యేది?

మన సభలు ఏటేట ఎవ్వరి పేర ఆరాధనలు చేయుచున్నవో ఆ త్యాగరాజస్వామి జీవితమును ఒక్కమాఱు స్మరింపుడు. 1767లో పుట్టి 1847లో సిద్ధి పొందిన ఆ తెలుగు వాగ్గేయకారుడు తిరువయ్యారు వీథులలో ఉంఛవృత్తి చేసెను. పాడుచు నడచుటయు, గృహస్థులు పెట్టిన బియ్యముతో ఆ పూట గడుపుటయు ఆయన యెంచుకొన్న జీవనము. పుష్య బహుళ పంచమినాటి ఆరాధనలో నేటికిని ఆ యుంఛవృత్తిని భాగవతులు అనుకరించి వీథులలో పాడుచు నడతురు. పట్టుశాలువలవారు అనుకరించినప్పుడు అది భక్తి. చినిగిన తలపాగావాడు జీవనమునకై చేసినప్పుడు అది యాచన! నేటి చట్టపు కన్నులతో చూచినచో తిరువయ్యారు వీథులలో ఆ మహానుభావుని కేమి పేరు పెట్టియుండెదరో చదువరులే యూహింపుడు.

స్వాతంత్ర్యోద్యమమున వీథి చేసిన సేవను మఱచుట మఱియు గొప్ప కృతఘ్నత. పత్రిక చదువగలవారు ఊరికి పదిమంది యున్న కాలమున, ఉద్యమమును పల్లెకు తీసికొనిపోయినది పాట. శ్రీకాకుళపు సీమలో పుట్టిన గరిమెళ్ల సత్యనారాయణగారు తెల్లదొరతనమును కాదని వ్రాసి పాడిన పాట వీథివీథికి ప్రాకెను. అందులకు ఆయన 1922లో చెఱసాలకు పోవలసివచ్చెను. అప్పటి దొర యొకడు దానిని పాడించుకొని విని, భాష రాకున్నను దాని బలము తెలిసినదని పలికినట్లు పెద్దలు చెప్పుకొందురు. తరువాత బుర్రకథ ప్రజలను కదలించుచున్నదని అటు చెన్నపురి ప్రభుత్వమును, ఇటు నిజాము ప్రభుత్వమును దానిని నిషేధించెను. పాలకులు భయపడినది మహాసౌధములలోని సంగీతమునకు గాదు, వీథి మొగలోని తంబురకు. ఆ బుర్రకథకు పెద్ద పేరు తెచ్చిన షేక్ నాజరుగారికి 1986లో పద్మశ్రీ వచ్చెను. కాని ఆ గరిమెళ్లవారో? స్వరాజ్యము వచ్చిన యైదేండ్లకు, 1952లో, చెన్నపట్టణమున దారిద్ర్యములోనే కన్ను మూసిరి. పాటతో దేశమును నిద్ర లేపినవాని యాకలిని దేశము తెలిసికొనలేదు. ఆ తప్పు మరల చేయకుండుటయే ఆయనకు మనము చేయదగిన ఆరాధన.

ఇప్పు డీ వృత్తి యేల యింత దీనదశకు వచ్చినదని విచారింతము. పూర్వము సంస్థానములును జమీందారీలును విద్వాంసులను పోషించెను. గాయకులకు వర్షాశనములు, వాద్యగాండ్రకు ఈనాములు, పండుగకు బట్టలు ఉండెడివి. నూజివీడును అట్టి జమీందారీయే. పనసకఱ్ఱతో మలచిన ఈ యూరి వీణలకు నేటికిని పేరున్నది. 1948 నాటి జమీందారీ రద్దు శాసనముతో ఆ వ్యవస్థ పోయెను. పోయినందులకు మేము చింతించువారము కాము. రైతు మెడనుండి కాడి తొలగినది. అయితే కాడితోపాటు కళకు నీడ యిచ్చిన చెట్టును కూలినది. దాని స్థానమున మఱియొక చెట్టును నాటినవా రెవ్వరు? సంప్రదాయసంగీతమునకు ఆకాశవాణియు, కళాశాలలును, సభలును కొంత నీడ యిచ్చినవి. వీథిసంగీతమునకు మిగిలిన పోషకు డొక్కడే, దారిని బోవు బాటసారి. నేటి ప్రజారాజ్యములో జమీందారు వాడే. ఆ జమీందారు అడుగు నిలుపుకుండ పోవుచున్నాడు. నిలువదలచిన చోటను భటుడు నిలువనీయకున్నాడు.

బిరుదులతో ఈ కొఱత తీఱదు. పండ్రెండు మెట్ల కిన్నెరను వాయించుచు ఊరూర తిరిగిన దర్శనం మొగిలయ్యగారికి 2022లో పద్మశ్రీ లభించెను. సంతోషించితిమి. 2024లో ఆయన యొక కట్టడము పనిలో దినకూలిగా శ్రమించుచున్నాడని పత్రికలలో చదివి తల వంచుకొంటిమి. ఢిల్లీలో పతకము, ఊరిలో గమేలా! పతకము ఒక దినపు పండుగ. జీవనమునకు కావలసినది మున్నూటయఱువదియైదు దినముల శ్రోత, నిలిచి పాడుటకు గజము చోటు.

న్యాయవాదవృత్తిలో నున్నవారము గావున చట్టమును గూర్చి నాలుగు మాటలు చెప్పకుండ నుండలేము. 1959 నాటి బొంబాయి యాచకనిషేధశాసనము యాచన యనగా నేమో చెప్పుచు, బహిరంగస్థలమున పాడుట, ఆడుట, జోస్యము చెప్పుట వంటి నెపములతో సొమ్ము పుచ్చుకొనుటను గూడ అందులో చేర్చెను. పాట ఒక నెపమట! ఆ శాసనము క్రింద పట్టుబడినవానిని ఏడాదికి తక్కువ గాకుండ మూడేండ్లవఱకును, మరల పట్టుబడిన పదేండ్లవఱకును నిర్బంధింపవచ్చును. ఆంధ్రప్రదేశములోను 1977లో యాచకనిషేధశాసనము చేయబడినది. అంతియ కాదు. వెనుకబడిన తరగతుల జాబితాలోని 'ఏ' వర్గమును తెఱచి చూడుడు. జంగముల పేరు ప్రక్కన, యాచనయే సంప్రదాయవృత్తిగా గలవారని వివరణ కలదు. తరతరములుగ శివకథలు పాడిన జాతికి ప్రభుత్వము వ్రాసియిచ్చిన వృత్తి పే రది. సాయము చేయుటకే వ్రాసిరేమో కాని, ఆ వ్రాతలో పాట కనబడలేదు, చాచిన చేయి మాత్రమే కనబడినది.

ఇట్టి చూపు ఫలిత మెట్లుండునో హైదరాబాదు చూపినది. 2017 నవంబరులో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సమావేశము జరుగుటకు ముందు ఆ నగరమున యాచన నిషేధింపబడి, వీథులనుండి మనుష్యులు తరలింపబడిరి. అతిథులు వచ్చునప్పుడు ఇంటిలోని బీదబంధువులను పెరటిగదిలో దాచునట్లుండెను. అదృష్టవశమున న్యాయస్థానములు మేల్కొన్నవి. 2018 ఆగష్టు 8వ తేదీన ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము, ఆ నగరమునకు వర్తింపజేసిన బొంబాయి శాసనములో యాచనను నేరముగా చేయు ప్రకరణములను రాజ్యాంగవిరుద్ధములని కొట్టివేసెను. 2021 జూలైలో సర్వోన్నతన్యాయస్థానము వీథులనుండి యాచకులను తొలగింపుమని యాజ్ఞాపింప నిరాకరించి, దారిద్ర్యమే వారి నచ్చటికి తెచ్చినదను సత్యమును గుర్తించెను. నిజముగ యాచించువానినే నేరస్థుడుగ చూడరాదని న్యాయస్థానములు చెప్పుచుండగా, పని చేసి వేతనము పుచ్చుకొనువానిని మన బజారుభటుడు తఱుముట యేమి న్యాయము?

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. వీథి పాట రాకపోకల కడ్డమనువారు కలరు. నిజమే, ఇఱుకుదారి నడుమ గుంపు గూడినచో అడ్డమే. అందులకు చేయవలసినది చోటు చూపుట గాని కఱ్ఱ చూపుట కాదు. శబ్దబాధ యనువారు కలరు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్యనియమములు వ్యాపారస్థలమున పగలు 65 డెసిబెల్సు, నివాసస్థలమున 55 అని హద్దులు పెట్టినవి; రాత్రి పదినుండి వేకువ ఆఱువఱకు ధ్వనివర్ధకములు కూడదన్నవి. ఈ హద్దులు అందఱికిని సమానముగ అమలు జరుగవలెనని మేమును కోరుచున్నాము. ఎన్నికల ఊరేగింపులకును, వ్యాపారప్రకటనలకును వర్తింపని హద్దు ఒక్క సన్నాయికే వర్తింపరాదు. పసిబిడ్డలను చూపి సొమ్ము గుంజువారు కలరనువారికి మా ప్రత్యుత్తర మిది: అట్టివారిని చట్టప్రకారము శిక్షింపుడు. మాగని కాయకు కారుబైడు పెట్టి అమ్మిన వర్తకుని పట్టుకొనుటకై బజారంతయు మూసివేయుదుమా?

జనులకు వినవలెనను కోరిక లేదు, వీథిపాటకు కాలము చెల్లినది అనువారికి మాత్రము ఒక విదేశవృత్తాంతమును చెప్పెదము. 2007 జనవరి 12వ తేదీన వాషింగ్టను నగరపు భూగర్భరైలు స్టేషనులో జాషువా బెల్ అను లోకప్రసిద్ధ వాయులీనవిద్వాంసుడు, ఒక పత్రిక చేసిన పరీక్షకై, సామాన్యవేషమున నిలిచి ముప్పావుగంటసేపు వాయించెను. ఆయన చేతిలోనిది 1713లో చేసిన అమూల్యమైన వాయులీనము. ఆ దారిని 1097 మంది పోయిరి. నిలిచి వినినవారు ఏడుగురు. డబ్బాలో పడినది ముప్పదిరెండు డాలర్లు. బిడ్డలు నిలువబోయిరట, తలిదండ్రులు చేయి పట్టి లాగుకొనిపోయిరట. దీనినిబట్టి ఆ విద్వాంసుని విద్య తగ్గినదందుమా? లేదు, తగ్గినది మన తీఱిక. ఉదయము కచ్చేరికి పరుగెత్తువాని దారిలో పాట నిలువదు. సాయంకాలము తీఱికగ తిరుగువాని దారిలో నిలుచును. కనుక చోటును, వేళను చూచి అమర్చుటయే వివేకము. లండను భూగర్భరైలుమార్గములలో 2003నుండి గాయకులకు అనుమతిపత్రము లిచ్చి, నియమితస్థలములను చూపుచున్నారు. ఆ నగర మందువలన చెడలేదు.

మనవాండ్రు కాలమునకు వెనుకబడినవారనుటయు నిజము కాదు. గంగిరెద్దు నుదుట క్యూఆర్ కోడు ఫలకము కట్టి, చరవాణితో సంభావన పుచ్చుకొన్న దృశ్యము 2021లో దేశమంతట వ్యాపించెను. కేంద్ర ఆర్థికమంత్రిణియే దానిని నలుగురికి చూపి మెచ్చుకొనిరి. జేబులో చిల్లర లేదను సాకును గూడ ఆ గంగిరెద్దులవాడు తొలగించినాడు. ఇక మిగిలినది మన మనస్సే.

కర్తవ్య మేమి? క్రొత్త చట్టము కొఱకు ఎదురుచూడ నక్కఱలేదు. 2014 నాటి వీథివ్యాపారుల రక్షణశాసనమును చదువుడు. అది వీథిలో సరకు లమ్మువారినే గాక, వీథిలో ప్రజలకు సేవ లందించువారిని గూడ వీథివ్యాపారులుగ పేర్కొన్నది. చెప్పులు కుట్టుట సేవ, కత్తులు సానపట్టుట సేవ. అలసిన మనస్సునకు సానపట్టుట మాత్రము సేవ గాదా? ఆ శాసనము ప్రకారము ప్రతి పట్టణమునకు ఒక వీథివ్యాపారసంఘము ఉండవలెను. అందు నూటికి నలువదిమందికి తక్కువగాకుండ వీథివ్యాపారులే సభ్యులుగ నుండవలెను. అయిదేండ్ల కొకమాఱైనను లెక్కలు తీసి, వారికి ధ్రువపత్రము లీయవలెను. నూజివీటి పురపాలకసంఘ మీ లెక్కలలో సన్నాయి, డోలు, తంబుర, కిన్నెర పట్టినవారిని గూడ చేర్చుకొనవలెనని మేము కోరుచున్నాము. ఇది మా వ్యాఖ్యానమే, తీర్పు కాదని ఎవరైన అనవచ్చును. అయినచో ఆ సంఘమే ముందడుగు వేసి చూపుగాక. శాసనమునకు ఉదారమైన అర్థము చెప్పుటకు ఉదారమైన పట్టణము కావలెను.

చేయవలసిన యేర్పాటులు పెద్దవి కావు. మామిడికాపు నెలలలో సాయంకాలము చల్లబడినపిమ్మట, బస్సు లాగుచోటికి దగ్గఱగ, సరకుబండ్ల రాకకు అడ్డు గాకుండ, రెండు మూడు చోటులను గుర్తింపవలెను. ఒక చెట్టునీడ, ఒక దీపము, త్రాగునీటి కుండ చాలును. ధ్వనివర్ధకములు కూడదు. గుర్తుబిళ్ల ఉచితముగ నీయవలెను. రుసుము పెట్టినచో పెట్టినవారే మొదటి యాచకు లగుదురు. గుర్తుబిళ్ల గలవానిని భటులు తఱుమరాదని ఠాణాకు వ్రాతమూలకమైన తాఖీదు పంపవలెను. ధనుర్మాసమున హరిదాసులకు ఏ బిళ్లయు అక్కఱలేదు. వారి పాత్రయే వారి యనుమతిపత్రము.

పాలకుల కర్తవ్య మింతటితో ముగియును, మిగిలినది మనది. చదువరులలో పఠనమందిరముల నిర్వాహకులు పలువురు కలరు. మాసమున కొక సాయంకాలము మందిరపు వాకిటనే ఒక బుర్రకథకుని, ఒక సన్నాయివానిని పిలిచి పాడింపుడు. లోపల కాదు, వాకిటనే. దారిని బోవువాడు గూడ నిలువవలెను గదా! వారి పాటలను, వారి వృత్తాంతములను వ్రాసి పెట్టుడు. మన విద్యార్థులు సెలవులలో ఈ పని చేసినచో పుస్తకములలో దొరకని విద్య దొరకును. వృద్ధునితో పోవు పాటను అతడు పోకముందే పట్టుకొనవలెను.

ఇక ప్రతి బాటసారికిని మే మొక్క మాట విన్నవించుకొనుచున్నాము. రేపు బజారులో సన్నాయి వినబడినచో, పాట పూర్తి యగువఱకు నిలువుడు. నడచుచునే నాణెము విసరకుడు. అది భిక్ష యగును. నిలిచి, విని, మెచ్చి, చేతికి చేయి సాచి యీయుడు. అది వేతన మగును. భిక్షకును వేతనమునకును గల భేద మంతయు ఆ నిలిచిన క్షణములోనే యున్నది. ఆ క్షణము నిచ్చినవాడే నేటి సంస్థానాధిపతి. అడుక్కోలేదు, వాయించానని యొక వృద్ధుడు ఎండలో నిలిచి మనకు చెప్పవలసి వచ్చినది. ఆ మాట మరల యే కళాకారుని నోటను రాకుండ చేయుట మనచేతిలోని పని.